పన్ను దిగని పట్టు

టేకల్ స్టేషన్లో బండి దిగి, గుండ్రాళ్ళ గుట్టల పక్కగా మూడు కిలోమీటర్లు నడిస్తే వచ్చే ఊరికి పాల డైరీ సెక్రెట్రీ పురుషోత్తమ్. నలభై ఏళ్ళ మనిషి. జేబులో పెన్ను లేకుండా, చొక్కాకు ఇస్త్రీ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే ఊరు ‘సెక్రెట్రప్పా’ అంటుంది, అటు తిరిగితే ‘ఎర్రపెట్టె’ అంటుంది.

ఆ పేరు ఊరికే పడలేదు. పీయూసీ అయ్యాక ఆయన ఎనిమిదేళ్ళు మారికుప్పం నుంచి వచ్చే పొద్దుటి బండిలో బెంగళూరు పోయి వచ్చేవాడు. అక్కడొక ఫ్యాక్టరీలో ఇనుప బిళ్ళలు కొలిచే పని. కొలతకు సరిపోయింది పచ్చపెట్టెలోకి, వెంట్రుకవాసి తేడా ఉన్నది ఎర్రపెట్టెలోకి. ఎనిమిదేళ్ళు రోజంతా అదే చేస్తే మనిషికి ఒక రకమైన తేలిక అలవాటవుతుంది. ఎర్రపెట్టెలో పడ్డ బిళ్ళ ఎదురు మాట్లాడదు, ఇంటికి పోయి అన్నం మానేసి పడుకోదు. నాయన మంచం పట్టాడని ఊరికి వచ్చేసి డైరీలో కుర్చీ వేసుకున్నప్పుడు, పురుషోత్తమ్ ఆ రెండు పెట్టెల్నీ బుర్రలో పెట్టుకొనే వచ్చాడు. పైగా ఆ కథ ఆయనే గొప్పగా నలుగురికీ చెప్పుకున్నాడు. ఊరు పేరు పెట్టడానికి అంతకంటే ఏం కావాలి?

నిజం చెప్పాలంటే ఆయన వచ్చాకే డైరీ బాగుపడింది. అంతకు ముందు రామాంజినప్ప లాంటి వాళ్ళ క్యాన్లలో పాలలో నీళ్ళు కలిశాయో, నీళ్ళలో పాలు కలిశాయో పైవాడికే తెలియాలి. పురుషోత్తమ్ ఒక్క చుక్క సహించలేదు. పద్నాలుగేళ్ళలో ఎవరి దగ్గరా ఒక కాఫీ కూడా తాగలేదు. అంతవరకూ మెచ్చుకోవాల్సిందే. అయితే తప్పు కనబడిందంటే మాత్రం పాలు పోసేవాళ్ళ లైనులో ఆ చివర ఉన్నవాడికి కూడా వినబడేలా, తండ్రి పేరుతో సహా అరిచేవాడు. “నలుగురిలో సిగ్గుపడితేనే మనిషికి బుద్ధి వచ్చేది” అని ఆయన సిద్ధాంతం. సిగ్గును పంచిపెట్టడమే గానీ, అది తిన్నవాడికి ఎలా ఉంటుందో ఆయనకు అప్పటికి తెలియదు.

డైరీ గోడకు ఆనుకొనే అక్కయమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి, మొగుడు పోయి చాలా ఏళ్ళయింది. రెండు సీమ ఆవులు, ఒక నొప్పి మోకాలు, అంతే ఆమె సంసారం. పొదుగు కింద నుంచి లేచి పది అడుగులు వేస్తే డైరీ కాబట్టి లైనులో రోజూ మొదటి క్యాను ఆమెదే. పాలు పోసి వెంటనే పోదు. డైరీ అరుగు మీద మోకాలు చాపుకొని కూర్చొని కాసేపు కుక్కల్ని చూస్తుంది. సినిమాకు పోనిదానికి ఇదే సినిమా అని ఆమె మాట.

చూడదగ్గ కుక్క ఒకటి ఉండేది మరి. ఒళ్ళంతా నలుపు, నాలుగు కాళ్ళకూ మేజోళ్ళు తొడిగినట్టు తెలుపు. మారికుప్పం బండిలో ఎవరి వెంటో ఎక్కి టేకల్‌లో దిగిపోయి, పాలవాసన పట్టుకొని డైరీ చేరింది. తెల్లదొరల బంగారు గనుల ఊరి నుంచి మేజోళ్ళు వేసుకొని రైల్లో వచ్చింది కాబట్టి అక్కయమ్మ దానికి దొరసాని అని పేరు పెట్టింది. ముసలిది, మూతి నెరిసింది. ఆ ఏడు మాలూరు రోడ్డు మీద ఒక కుక్క టెంపో కింద పడి చచ్చిపోతే, దాని పిల్లలు మూడు డైరీ వాకిట్లో చేరాయి. ఒకటి ఎర్రది, ఒకటి తెల్లది, ఒకటి మచ్చలది. దొరసాని వాటిని కనలేదు, పెంచుతానని ఎవరికీ మాట ఇవ్వలేదు. అయినా వాటి చదువు తన నెత్తినే వేసుకుంది.

చదువంటే ఆటే. పిల్లలు మీద పడి తోక లాగుతాయి, చెవి కొరుకుతాయి. దొరసాని చాలాసేపు ఓర్చుకుంటుంది. ఆట ముదిరి పళ్ళు గట్టిగా పడితే ముందు కదలకుండా బిగుసుకుపోయి చూస్తుంది. ఆ చూపు అర్థం కాకపోతే పైపెదవి కాస్త లేపుతుంది. అదీ కాకపోతే గొంతులోనే చిన్న గుర్రు. మూడింటికీ లొంగనివాడు ఎర్రవాడొక్కడే. ఒకరోజు వాడు దాని చెవి పట్టుకొని వేలాడాడు. దొరసాని గిర్రున తిరిగి వాడి మూతి మొత్తం తన నోట్లోకి తీసుకొని నేలకు అదిమింది. వాడు ఊరంతా వినబడేలా కెవ్వుమన్నాడు.

పురుషోత్తమ్ చేతిలో క్యాను మూత ఉంది. “చంపేస్తా ఉండాది ముండ!” అని విసిరాడు. మూత దొరసాని వీపుకు తగిలింది. అది అరవకుండా పక్కకు పోయి నిలబడింది.

అక్కయమ్మ లేచి, కుంటుకుంటూ పోయి, ఎర్రవాణ్ణి ఎత్తుకొచ్చి ఆయన ముందు పెట్టింది. వాడి మూతి తడిగా ఉంది.

“యాడుండాది గాటు? చూపించప్పా. ఒక పన్నన్నా దిగిందా?”

వెతికాడు. లేదు.

“నేర్పేదానికి పట్టింది. కొరికేదానికి కాదు. నువ్వు కొట్టినావే, అది దెబ్బ” అంది.

పిల్లను కింద పెట్టీ పెట్టగానే వాడు తిన్నగా దొరసాని దగ్గరికే పరుగెత్తాడు. అది ముందుకాళ్ళు నేలకు వంచి, నడుము పైకి లేపి, ఇంగ ఆడుకుందాం రా అన్నట్టు తోక ఊపింది. లైనులో ఉన్నవాళ్ళు నవ్వారు. పురుషోత్తమ్ మూత తెచ్చుకొని పనిలో పడ్డాడు.

చలి ముదిరిన రోజులు వచ్చాయి. డైరీలో పాలు పరీక్షించే మిషన్ చెడిపోయి రిపేరుకు పోయింది. అటక మీది పాత లాక్టోమీటరు కిందికి దిగింది. అదొక గాజు బుడ్డి, పైన సన్నని గీతల కడ్డీ. చిక్కని పాలలో పైకి తేలుతుంది, నీళ్ళు కలిసిన పాలలో కిందికి దిగుతుంది. ఇరవై ఆరు డిగ్రీలకు తగ్గితే పాలు తీసుకోకూడదని నియమం. పురుషోత్తమ్‌కు అది ముట్టుకోగానే పాత ఉత్సాహం వచ్చింది.

మొదటి క్యాను అక్కయమ్మది. ఇరవై ఐదు చూపించింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ ముంచాడు. ఇరవై ఐదే. ఆమెను పక్కన నిలబెట్టి వెనకవాళ్ళవి చూశాడు. పొలాల్లోని ఇళ్ళ నుంచి, ఊరి ఆ చివర నుంచి మంచులో నడిచి వచ్చిన క్యాన్లు. ఇరవై ఎనిమిది, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. చివరికి రామాంజినప్పవి కూడా ఇరవై ఏడు! ఇంత సాక్ష్యం దొరికాక ఎర్రపెట్టె ఊరుకుంటుందా?

“అక్కయమ్మా! పద్నాలుగేళ్ళుగా మొదటి క్యాను నీది. ఇన్నేళ్ళలో ఎన్ని బిందెల నీళ్ళు పోసినావో చెప్తావా అందరికీ?”

ఆమెకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, “నా చేత్తో కలపలేదప్పా” అంది నెమ్మదిగా.

“అట్లయితే ఆవు కలిపిందేమో!”

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది రామాంజినప్ప. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాల్సినవాడు, ఇంకొకరి భుజం దొరికిందని పండుగ చేసుకున్నాడు. ఆ నవ్వు పురుషోత్తమ్‌ను ఇంకో మెట్టు ఎక్కించింది. క్యాను ఎత్తి వాకిట్లోకి పోయి, కుక్కలకు నీళ్ళు పోసే రాతి తొట్టిలో ఆ పాలన్నీ గుమ్మరించాడు. పాల మీద నుంచి ఆవిరి లేచింది. అది ఆయన కళ్ళతోనే చూశాడు. చూసి కూడా దాని అర్థం తెలుసుకోలేదు.

అక్కయమ్మ ఖాళీ క్యాను తీసుకుంది. తొట్టి దగ్గర కుక్కల్ని తప్పించుకొని, పది అడుగులు వేసి, తలుపు వేసుకుంది. ఆమె ఇంటి తలుపు పగటిపూట వేసి ఉండటం ఊరు చూడటం అదే మొదలు.

మరునాటి నుంచి ఆమె డైరీకి రాలేదు. పాలు పిండుకొని, క్యాను చేతబట్టుకొని, డైరీ ముందు నుంచే కుంటుకుంటూ రెండు కిలోమీటర్ల దూరంలోని పక్కూరి డైరీకి నడవడం మొదలుపెట్టింది. లైను వైపు చూడదు. లైనులోని వాళ్ళూ ఆమెను పలకరించరు. ‘పద్నాలుగేళ్ళంట’ అని చెవులు కొరుక్కుంటారు.

ఎనిమిదో రోజు పక్కూరి సెక్రెట్రీ జగదీష్ ఫోన్ చేశాడు. “ఏమన్నా, మీ అక్కయమ్మ మా కాడికి ఎందుకొస్తా ఉండాది? పాలు చూస్తే బంగారం. మా మిషన్లో నీళ్ళు సున్నా అని చూపిస్తా ఉండాది, రోజూ.”

“రోజూనా?”

“రోజూ సున్నానే.”

ఆ సాయంత్రం భార్య మునిలక్ష్మి ఇంటి ఆవును పిండుతుంటే పురుషోత్తమ్ లాక్టోమీటరు పట్టుకొని ఎదురుగా కూర్చున్నాడు. పిండిన పాలు పిండినట్టే గాజు జాడీలో పోసి ముంచాడు. ఇరవై ఐదు.

“నీళ్ళు యేమన్నా పోసినావా?” అన్నాడు.

మునిలక్ష్మి చెంబు కింద పెట్టి మొగుడి ముఖం చూసింది. “నీ కండ్ల ముందరే కదా పిండినాను. నన్ను కూడా లైనులో నిలబెడతావా?”

ఆయన జాడీని అక్కడే గట్టు మీద వదిలేసి, గుంజకు ఆనుకొని కూర్చున్నాడు. చలిగాలి వీస్తోంది. ముప్పావు గంట పోయాక మళ్ళీ ముంచాడు. ఇరవై ఎనిమిది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ట్రైనింగులో ముసలాయన ఒకాయన చెప్పిన మొదటి పాఠం: ముందు పాల వేడి చూడు, ఆ తర్వాతే డిగ్రీ చూడు. వేడిపాలలో గాజు కిందికి దిగుతుంది, లెక్క కలుపుకోవాలి. వేడి చూసే గొట్టం ఏనాడో పగిలిపోయింది, మిషన్ వచ్చాక ఆ పాఠమూ పోయింది. దూరం నుంచి వచ్చిన పాలు దారిలో చల్లారాయి. పది అడుగుల దూరంలో ఉన్నదాని పాలు పొదుగు వేడితో వచ్చాయి. తాజా పాలు తెచ్చిందని ఆమెను దొంగను చేశాడు. పురుషోత్తమ్‌కు తల కొట్టేసినట్టయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని వాళ్ళమ్మ అనేది. ఆయన జారవిడిచింది నోరొక్కటే కాదు, పాలు కూడా.

మర్నాడు మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని సమయం చూసుకొని అక్కయమ్మ ఇంటికి పోయాడు. ఎవరూ లేని సమయం చూసుకున్నాడని గమనించాలి. ఆమె కొట్టంలో ఆవులకు చొప్ప నరుకుతోంది.

“అమ్మా, తప్పయిపోయింది. పాలు వేడిగా ఉంటే డిగ్రీ దిగుతుంది. నేను మరిచిపోయినాను. నువ్వు నీళ్ళు కలపలేదు.”

ఆమె కొడవలి ఆపింది. “ఆ సంగతి నాకు తెలీదా? నీళ్ళు కలపలేదని నాకు నువ్వొచ్చి చెప్పాల్నా?”

ఆయన ఒక చొప్ప కట్ట ఎత్తి ఆమె ముందుకు జరిపాడు.

“తెలిసినదానికి చెప్తా ఉండావు. తెలియనోళ్ళు లైనులో ఉండారు.” మళ్ళీ నరకడం మొదలుపెట్టి, తల ఎత్తకుండానే అంది: “ఆ పొద్దు కుక్కపిల్ల మూతి చూపించినాను కదా. దానికి గాటు లేదు. నాకుండాది. పో అప్పా.”

పురుషోత్తమ్ పోయాడు. పోయినవాడు తెల్లారి లైనులో చెప్పి ఉంటే ఈ కథ అక్కడే ముగిసేది. చెప్పలేదు. నోటిదాకా వచ్చింది, రామాంజినప్ప ముఖం చూశాడు, మింగేశాడు. సెక్రెట్రీయే తప్పు కొలిచాడని తెలిస్తే రేపు ఎవడి పాలు వెనక్కి పంపగలడు? పద్నాలుగేళ్ళుగా తాను అరిచిన ప్రతి అరుపునూ తిరిగి తన ముఖానే కొట్టరా? ఇలా తనకు తానే వకాల్తా పుచ్చుకున్నాడు. అయితే రోజూ పొద్దున ఆమె క్యానుతో కుంటుకుంటూ వెళ్ళే వేళకు మాత్రం తల దించుకొని ఏదో రాస్తున్నట్టు నటించేవాడు. ఆమె మోకాలి ఒక్కొక్క కుంటూ ఆయనకు లోపల తెలిసేది. సిగ్గు ఇలా ఉంటుందా, దీన్నా నేను ఇందరికి పంచింది అనుకున్నాడు. ఆ అనుకోవడం కూడా సిగ్గుగానే ఉంది.

నాలుగో రోజు లైను ఇంకా రాకముందు, వాకిట్లో పిల్లలు ఆడుతున్నాయి. ఎర్రవాడు వెనక నుంచి వచ్చి దొరసాని తోక గట్టిగా కొరికి పక్కకు దూకాడు. అది గిర్రున తిరిగింది. ఎదురుగా ఉన్నది తెల్లది. దాని మూతి పట్టి అదిమేసింది. ఏ పాపమూ ఎరగని తెల్లది కీచుమని, కాళ్ళు నాలుగూ పైకి పెట్టేసింది.

పురుషోత్తమ్ కుర్చీలో ముందుకు వంగాడు. నువ్వు కూడానా అనుకున్నాడు.

దొరసాని వెంటనే నోరు వదిలింది. ఒక్క క్షణం ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత తెల్లదాని మూతి నాకింది. అది ఇంకా లేవలేదు. అప్పుడా ముసలిది, అంత పెద్దది, ఆ గుప్పెడంత దాని ముందు నేల మీద పక్కకు ఒరిగి పడుకొని పొట్ట చూపించింది. మిగిలిన రెండు పిల్లలూ అక్కడే ఉన్నాయి, వీధి కుక్కలు రెండు గోడ పక్క నుంచి చూస్తున్నాయి. అది ఎవరివైపూ చూడలేదు. తెల్లది లేచి, దగ్గరికి వచ్చి, దాని చెవి పట్టుకొని లాగింది. లాగనిచ్చింది. పొరపాటు చేసిన చోటే పడుకుంది, చీకటి మూల వెతుక్కోలేదు. అంతమాత్రాన దాన్ని ఏ పిల్లయినా లెక్కచేయకుండా పోయిందా అంటే, అదీ లేదు.

కుక్కపాటి చేయలేకపోయానే అన్న మాట ఆయన నోట్లోంచి పైకే వచ్చింది.

లైను వచ్చింది. అక్కయమ్మ క్యాను పట్టుకొని రోడ్డెక్కింది. పురుషోత్తమ్ కుర్చీలోంచి లేచి, లైను దాటుకొని, వాకిట్లో రాతి తొట్టి దగ్గరికి పోయి నిలబడ్డాడు. పాలు గుమ్మరించిన చోటే.

“అందరూ వినండి” అన్నాడు. “అక్కయమ్మ పాలలో ఏ రోజూ నీళ్ళు లేవు. వేడిపాలు వేడిగానే కొలిచి నేను తప్పు చేసినాను. అంతమందిలో దొంగ అన్నాను. ఆమె పాలు కుక్కల తొట్టిలో పోసినాను. తప్పు ఆమెది కాదు, నాది. తెలిసి కూడా నాలుగు రోజులు దాచిపెట్టినాను. అది ఇంకా పెద్ద తప్పు.”

అక్కయమ్మ రోడ్డు మీద ఆగింది. ఇటు తిరగలేదు.

“అట్లయితే సెక్రెట్రప్పా” రామాంజినప్ప అందుకున్నాడు, “పోయినేడాది నువ్వు వాపసు పంపిన నా పాలు కూడా వేడిగా ఉన్నాయేమో!”

లైనంతా గొల్లుమంది. ఈసారి ఆ నవ్వు పురుషోత్తమ్ మీద. పోయినేడాది కొలిచింది మిషన్, దాన్ని వేడీ చలీ ఏమీ చేయదు. ఆ జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది, వాడి తండ్రి పేరుతో సహా. దాన్ని పళ్ళ మధ్యే పట్టి, అనకుండా వదిలేశాడు. నిలబడి ఆ నవ్వంతా భరించాడు.

అక్కయమ్మ వెనక్కి తిరిగి వచ్చింది. క్యాను అరుగు మీద పెట్టి మూత తీసింది. “ముంచప్పా” అంది.

ముంచాడు. “ఇరవై ఐదు” అని అందరికీ వినబడేలా చదివాడు. నవ్వులు ఆగాయి.

“ఇంగ కూర్చుందాం” అని ఆమె తన పాత చోట మోకాలు చాపుకొని కూర్చుంది. ఆయన బానలో బావి నీళ్ళు పోసి క్యాను అందులో దించి, పక్కనే నిలబడ్డాడు. లైనులో ఒక్కరూ కదల్లేదు. చివరికి రామాంజినప్ప కూడా చలికి చేతులు చంకల్లో పెట్టుకొని నిలబడ్డాడు. అరగంట దాటింది. మళ్ళీ ముంచాడు. గాజు తేలుకుంటూ వచ్చి ఆగింది.

“ఇరవై ఎనిమిది.”

చదివేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు నిండాయి. గీతలు సరిగ్గా కనబడక, వేలు పెట్టి ఇంకోసారి చూసి, మళ్ళీ అదే చదివాడు.

అక్కయమ్మ లేచింది. కొలతగిన్నె అందుకొని, తన పాలలో ముంచి, నిండా తీసుకొని వాకిట్లోకి నడిచింది. రాతి తొట్టిలో పోసింది.

“ఆ పొద్దు నా పాలు నువ్వు పోసినావు. ఈ పొద్దు నేను పోస్తా ఉండా” అంది.

పిల్లలు మూడూ తోసుకుంటూ వచ్చాయి. ఎర్రవాడు మచ్చలదాని మీదికెక్కి తొట్టిలో కాలు పెట్టాడు. దొరసాని వచ్చి వాడి మూతి నోట పట్టి, అంతలోనే వదిలింది. వాడు కాలు తీసి, పక్కన నిలబడి తాగాడు.

పురుషోత్తమ్ అరుగు దగ్గర తల వంచుకొని ఉన్నాడు. అక్కయమ్మ గిన్నె తిరిగి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

“తలెత్తప్పా. లైను కాచుకోనుండాది.”

ఆయన తలెత్తలేకపోయాడు. అలాగే వంచుకొని, వెనకవాళ్ళ క్యాను కోసం చేయి చాపాడు.